బిందువు ఒకటే.. లెక్క వేరు: భిన్నాలు, దశాంశాలు చేతలతో నేర్పడమెలా?

ఒక రైతుకు రెండు చోట్ల పొలం ఉంది. రెండింటి విస్తీర్ణం 1.25 చొప్పున రాసి ఉంది. మొత్తం ఎంత? ఆరో తరగతి విద్యార్థిని అడిగితే 2.50 అని తడుముకోకుండా చెబుతాడు. కోస్తా, రాయలసీమల్లో అది సరైన సమాధానమే. అక్కడ పొలాన్ని ఎకరాలు, సెంట్లలో లెక్కిస్తారు. ఎకరానికి నూరు సెంట్లు. తెలంగాణ పల్లెల్లో మాత్రం అదే సమాధానం పొరపాటవుతుంది. అక్కడ ఎకరానికి నలభై గుంటలు. ఎకరాలకూ గుంటలకూ మధ్య బిందువు పెట్టి రాసినప్పుడు 1.25 అంటే ఎకరా పాతిక గుంటలు. రెండూ కలిపితే రెండెకరాల యాభై గుంటలు. అంటే మూడెకరాల పది గుంటలు. రాతలో 3.10. రెండున్నర ఎకరాలే అనుకున్నవారి లెక్కలో ముప్పై గుంటల నేల కనిపించకుండా పోతుంది.

ఇక్కడ కూడికలో లోపం లేదు. బిందువుకు కుడివైపున్న అంకె ‘దేనిలో ఎన్నో భాగం?’ అని అడగకపోవడమే లోపం. భిన్నాలు, దశాంశ భిన్నాల పాఠాల్లో పిల్లలు తడబడే చోటల్లా వెతికి చూస్తే ఈ ఒక్క ప్రశ్నే కనిపిస్తుంది. నల్లబల్లపై సూత్రం రాసి, ఇరవై లెక్కలు చేయిస్తే పరీక్షలో మార్కులు రావచ్చు. ఆ ప్రశ్న అడిగే అలవాటు మాత్రం రాదు. కొలవడం, మడవడం, పంచడం, తూచడం ద్వారానే అది అలవడుతుంది. ఇందుకు ప్రయోగశాల అక్కర్లేదు. కాగితం, దారం, గ్లాసు, తూకపు రాళ్లు, ఆ రోజు దినపత్రిక ఉంటే చాలు.

అలవాటైన అంకెలే అడ్డు

విద్యార్థులు మొదటి నాలుగేళ్లూ ప్రధానంగా పూర్ణాంకాలతోనే లెక్కలు చేస్తారు. ఆ క్రమంలో కొన్ని నమ్మకాలు వారి మనసుల్లో బలంగా నాటుకుంటాయి. అంకెలు ఎక్కువ ఉన్న సంఖ్య పెద్దది. గుణిస్తే పెరుగుతుంది. భాగిస్తే తగ్గుతుంది. పూర్ణాంకాల లోకంలో ఇవి దాదాపు ఎప్పుడూ నిజమే. భిన్నాల దగ్గరికి వచ్చేసరికి అవే అడ్డుగోడలవుతాయి.

ఎనిమిది నాలుగు కన్నా పెద్దది కాబట్టి 1/8 కూడా 1/4 కన్నా పెద్దదని పిల్లలు భావిస్తారు. నలభై అయిదు అయిదు కన్నా పెద్దది కాబట్టి 0.45 కూడా 0.5 కన్నా పెద్దదంటారు. 1/3, 1/4 కలపమంటే లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపి 2/7 అని రాస్తారు. ఆ సమాధానాన్ని ఒక్క క్షణం పరిశీలిస్తే వింత బయటపడుతుంది. 1/3 అంటే 2/6. 2/7 దానికన్నా చిన్నది. చేతిలో ఉన్నదానికి మరికొంత కలిపితే, ఉన్నదే తగ్గిపోయిందన్నమాట! ఈ వింత విద్యార్థికి తనంత తానుగా తోచాలి. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో కొట్టివేస్తే తప్పు జరిగిందని తెలుస్తుంది తప్ప ఎందుకు జరిగిందో తెలియదు.

అయిదు, ఆరు తరగతుల్లో ఈ మెట్టు దాటని విద్యార్థికి ఆపైన నిష్పత్తి, శాతాలు, వడ్డీ, బీజగణితం అన్నీ కొరకరాని కొయ్యలే. లెక్కలంటే భయం చాలామందిలో పాతుకుపోయేది ఇక్కడే.

మన మాటల్లోనే ఉన్నాయి

నిజానికి తెలుగు పిల్లలకు భిన్నాలు కొత్త కావు. పావు, అర, ముప్పావు, ఒకటిన్నర, ఏడుంబావు వంటి మాటలు బడికి రాకముందే వారి చెవిన పడతాయి. మన పాత లెక్కల్లో భాగాలు నాలుగో వంతుల మీద నడిచేవి. ఒకటిలో నాలుగో వంతు పావు. ఆ పావులో మళ్లీ పావు వీసం, అంటే పదహారో వంతు. దాదాపు అంతా అనడానికి పెద్దలు వాడే ‘ముప్పాతిక మువ్వీసం’ అన్న మాట కూడా ఒక భిన్నాల కూడికే. 3/4కు 3/16 కలిపితే 15/16. నిండు ఒకటికి తక్కువైంది ఒక్క వీసమే. తరగతి గదిలో ఈ మాటను విప్పి చూపితే హారాలను సమానం చేయడం ఎందుకో చక్కగా బోధపడుతుంది. ముప్పాతికను వీసాల్లోకి మారిస్తే పన్నెండు. దానికి మూడు చేరిస్తే పదిహేను. పావులను, వీసాలను ఉన్నవి ఉన్నట్టుగా కలపలేం. రెండింటినీ ఒకే భాగాల్లోకి తెచ్చాకే కలపగలం.

భిన్నాల కూడికకు హారాల కనిష్ఠ సామాన్య గుణిజాన్ని వాడే పద్ధతి 9వ శతాబ్దినాటి మహావీరాచార్యుడి గణితసార సంగ్రహంలోనే ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దాన్ని చెబుతారు. భిన్నాల లెక్కలు మన భాషలోకి వచ్చి అన్ని శతాబ్దాలైంది.

దశాంశాల విషయం వేరు. రూపాయికి పదహారు అణాల లెక్క పోయి, నూరు నయాపైసల లెక్క వచ్చింది 1957 ఏప్రిల్‌ 1న. ఆ తర్వాత దశాబ్దాల పాటు దశాంశాలకు పాఠ్యపుస్తకం చూపిన మొదటి ఉదాహరణ రూపాయలు, పైసలే. పావలా, అంటే ఇరవై అయిదు పైసలు, ఆ లోపు నాణేలు 2011 జూన్‌ 30తో చెలామణి నుంచి తప్పుకున్నాయి. అర్ధరూపాయికి చట్టపరంగా చెల్లుబాటు ఉన్నా దుకాణాల్లో కనిపించడం అరుదు. నేటి పదేళ్ల విద్యార్థికి పైసా చేతికందే వస్తువు కాదు, పుస్తకంలో మాట మాత్రమే. అందువల్ల ‘అయిదు రూపాయల డెబ్బై అయిదు పైసలు’ అన్న ఉదాహరణతో పాఠం మొదలుపెడితే తెలియనిదాన్ని తెలియనిదానితో చెప్పినట్లే. తూకం, పొడవు, కాలం, వాన, పాలు.. ఇవే ఇప్పుడు దశాంశాలు సజీవంగా ఉన్న చోట్లు.

కాగితం మడిస్తే కూడిక

మొదటి కృత్యానికి ఒక్కో విద్యార్థికి రెండు పాత నోటుపుస్తకం కాగితాలు చాలు. ఒక కాగితాన్ని నిలువుగా మూడు సమాన భాగాలుగా, అడ్డంగా నాలుగు సమాన భాగాలుగా మడవమనాలి. విప్పి చూస్తే పన్నెండు గళ్లు. ఒక నిలువు పట్టీకి రంగు వేస్తే మూడో వంతు. అందులో నాలుగు గళ్లున్నాయి. ఒక అడ్డ పట్టీ నాలుగో వంతు. అందులో మూడు గళ్లు. రెండింటినీ కలిపితే ఎన్ని గళ్లు? ఏడు. మొత్తం పన్నెండులో ఏడు కాబట్టి 7/12. ఒక గడి రెండు పట్టీలకూ ఉమ్మడిగా వస్తుంది గనుక గళ్లను కత్తిరించి పక్కపక్కన పేర్చి లెక్కించడం మేలు. లేకుంటే ఆరే ఉన్నాయని కొందరు అంటారు. అలా అన్నా మంచిదే. ఎందుకు ఆరు వచ్చాయన్న చర్చ మొదలవుతుంది.

ఈ పని చేసిన విద్యార్థికి ‘హారాల క.సా.గు. కనుక్కోవాలి’ అన్న వాక్యం ఆజ్ఞలా వినిపించదు. మూడింటికీ నాలుగింటికీ సరిపోయే గళ్లు కావాలి కాబట్టి పన్నెండు తీసుకున్నామని తానే చెబుతాడు.

రెండో కాగితంతో గుణకారం చూపవచ్చు. ముందుగా నాలుగు పట్టీలుగా మడిచి మూడింటికి రంగు వేయించాలి. అది ముప్పావు. ఇప్పుడు కాగితాన్ని అడ్డంగా సగానికి మడిస్తే రంగు ఉన్న భాగంలో సగం ఎంత? మొత్తం ఎనిమిది గళ్లలో మూడు. 1/2 × 3/4 = 3/8. గుణకారం చేస్తే విలువ ఎందుకు తగ్గిందో వివరించాల్సిన పనే లేదు. ముప్పావులో సగం ముప్పావు కన్నా తక్కువే కదా అని పిల్లలే అంటారు. గుణకార గుర్తును ‘లో’ అని చదివించడం ఇక్కడ అక్కరకొస్తుంది. ‘సగం ఇంటూ ముప్పావు’ అంటే అర్థం కానిది ‘ముప్పావులో సగం’ అంటే ఇట్టే అర్థమవుతుంది.

ఈ కృత్యంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. పోల్చేటప్పుడు కాగితాలన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. పెద్ద రొట్టెలో పావు, చిన్న రొట్టెలో సగం కన్నా ఎక్కువ కావచ్చు. మొత్తం మారితే భాగం విలువా మారుతుంది. ఈ సంగతిని దాచకుండా ఒకసారి కావాలనే చిన్న, పెద్ద కాగితాలిచ్చి పోల్చమంటే తరగతిలో మంచి వాదన జరుగుతుంది.

నీళ్లు పోస్తే భాగహారం

భిన్నంతో భాగించడం చాలామందికి మింగుడుపడని పాఠం. ‘తిరగేసి గుణించు’ అన్న సూత్రం వస్తుంది. ఎందుకు తిరగేయాలో తెలియదు. దీనికి బకెట్‌, కొలత గీతలున్న సీసా చాలు. మూడు లీటర్ల నీటిని పావు లీటరు గ్లాసులతో ముంచి తీస్తే ఎన్ని గ్లాసులు? పిల్లలు ముంచుతూ లెక్కపెడితే పన్నెండు వస్తాయి. 3 ÷ 1/4 = 12. ఒక్కో లీటరుకు నాలుగు గ్లాసులు కనుక మూడు లీటర్లకు మూడు నాలుగులు. తిరగేసి గుణించడమంటే ఇదే. ఇక్కడ భాగహారం చేస్తే విలువ పెరిగింది. ఎందుకు? గ్లాసు చిన్నదైనకొద్దీ ఎక్కువసార్లు ముంచాలి.

అసలు పరీక్ష దీని తర్వాత ఉంది. బకెట్‌లో రెండున్నర లీటర్లు పోసి, ముప్పావు లీటరు సీసాతో నింపమనాలి. మూడు సీసాలు నిండుతాయి. పావు లీటరు మిగులుతుంది. సమాధానం ఎంతని అడిగితే తరగతిలో ఎక్కువమంది ‘మూడుంబావు’ అంటారు. అప్పుడు ఉపాధ్యాయుడు వేయాల్సిన ప్రశ్న ఒక్కటే.

‘‘పావు దేనిలో?’’

‘‘లీటరులో సార్‌.’’

‘‘మనం లెక్కపెడుతున్నది లీటర్లనా, సీసాలనా?’’

‘‘సీసాలను.’’

‘‘అయితే మిగిలిన నీళ్లు సీసాలో ఎన్నో వంతు?’’

సీసా పట్టేది మూడు పావులు. మిగిలింది ఒక పావు. అంటే సీసాలో మూడో వంతు. సమాధానం మూడూ మూడో వంతు. సూత్రం ప్రకారం చేసినా 5/2 × 4/3 = 10/3, అంటే 3 1/3. నీళ్లు, సూత్రం ఒకే మాట చెప్పినప్పుడు విద్యార్థికి కలిగే నమ్మకం వంద అభ్యాసాలతో రాదు. మిగిలిన నీరు ఒకటే. లీటరుతో చూస్తే పావు. సీసాతో చూస్తే మూడో వంతు. ‘దేనిలో భాగం?’ అన్న ప్రశ్న ఎంత విలువైనదో ఈ ఒక్క కృత్యం తేటతెల్లం చేస్తుంది.

తూకపు రాళ్లలో దశాంశాలు

భిన్నాల నుంచి దశాంశాలకు వంతెన వేయడానికి కిరాణా కొట్టు తూకపు రాళ్లు బాగా పనికొస్తాయి. రాళ్ల వరుసలో కిలో, 500, 200, 100, 50 గ్రాములు ఉంటాయి. 250 గ్రాముల రాయి ఉండదు. మరి పావుకిలో ఎలా తూస్తారు? 200 రాయి పక్కన 50 రాయి పెడతారు. కిలోలో పదో వంతు 100 గ్రాములు కనుక 200 అంటే రెండు పదో వంతులు. నూరో వంతు 10 గ్రాములు కనుక 50 అంటే అయిదు నూరో వంతులు. పావుకిలో అంటే 0.2, 0.05 కలిసి 0.25. ముప్పావుకిలోకు 500, 200, 50 రాళ్లు. 0.5కు 0.2 చేర్చి, 0.05 కలిపితే 0.75. పావు అన్న తెలుగు మాట 0.25గా ఎలా మారిందో త్రాసు కళ్లెదుటే చూపిస్తుంది.

దుకాణాల్లో ఇప్పుడు ఎక్కువగా ఎలక్ట్రానిక్‌ కాటాలే. వాటిపై పావుకిలో 0.250 అని, అరకిలో 0.500 అని కనబడుతుంది. 0.250, 0.25 ఒకటేనా అని అడిగితే మంచి చర్చ జరుగుతుంది. చివరి సున్నా విలువను పెంచదు. అయితే దేనికోసం? గ్రాముల వరకు తూచామని చెప్పడానికి. 0.5, 0.45లలో ఏది పెద్దదన్న సందేహం కూడా ఇక్కడే తీరుతుంది. కాటాపై అవి 0.500, 0.450. అరకిలోకు యాభై గ్రాములు తక్కువ అని పిల్లలే చెబుతారు.

పొడవు విషయంలో మీటరు టేపు చాలు. విద్యార్థుల ఎత్తులు కొలిచి 1.4 మీటర్లు, 1.35 మీటర్లు అని రాసి, ఎత్తు ప్రకారం వరుసలో నిలబడమనాలి. 35 పెద్దదని ముందుకెళ్లిన విద్యార్థికి పక్కవాడి తల తనకన్నా పైన కనబడుతుంది. మరో వాదన అవసరం లేదు.

సెకన్లలో నూరో వంతు విలువ తెలియాలంటే 1984 లాస్‌ఏంజిలెస్‌ ఒలింపిక్స్‌ను గుర్తుచేయాలి. 400 మీటర్ల హర్డిల్స్‌ తుదిపోరులో పి.టి.ఉష 55.42 సెకన్లలో పరుగు ముగించింది. కాంస్యం గెలిచిన రుమేనియా క్రీడాకారిణి సమయం 55.41. తేడా 0.01. ఒక సెకనును నూరు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఆవరణలో యాభై మీటర్ల పరుగు పెట్టి, సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో సమయాలు నమోదు చేసి, వాటిని ఆరోహణ క్రమంలో రాయించవచ్చు. మొదటి, రెండో స్థానాల మధ్య తేడా కనుక్కోవడం తీసివేత లెక్క.

పళ్లెంలో అన్నం.. పుస్తకంలో గుణకారం

దశాంశాల గుణకారానికి మధ్యాహ్న భోజనానికి మించిన ఉదాహరణ లేదు. జాతీయ నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె కేటాయిస్తారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి వరుసగా 150, 30, 75, 7.5 గ్రాములు. ఆ రోజు హాజరు పట్టీ తీసుకుని ఎంత సరకు కావాలో విద్యార్థులతోనే లెక్కకట్టించవచ్చు.

ఉదాహరణకు ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో ప్రాథమిక తరగతుల వారు 36 మంది, పై తరగతుల వారు 40 మంది హాజరయ్యారనుకుందాం. బియ్యం: 36 × 0.1 = 3.6 కిలోలు, 40 × 0.15 = 6 కిలోలు. మొత్తం 9.6 కిలోలు. నూనె: 36 × 5 = 180 గ్రాములు, 40 × 7.5 = 300 గ్రాములు. మొత్తం 480 గ్రాములు, అంటే 0.48 కిలోలు.

పప్పు లెక్కలో చిన్న మెలిక ఉంది. 36 × 0.02 = 0.72 కిలోలు, 40 × 0.03 = 1.2 కిలోలు. వీటిని కూడేటప్పుడు కొందరు చివరి అంకె కింద చివరి అంకె వేసి, 72కు 12 కలిపి 0.84 అంటారు. పై తరగతుల వారికే కిలో దాటి పప్పు కావాలి కదా, అందరికీ కలిపి 0.84 కిలో ఎలా సరిపోతుందని అడిగితే వారే సరిచూసుకుంటారు. బిందువు కింద బిందువు రాయాలన్న నియమం అప్పుడు అర్థవంతమవుతుంది. పదో వంతులను పదో వంతులతో, నూరో వంతులను నూరో వంతులతో కలపాలి. సరైన సమాధానం 1.92 కిలోలు.

ఈ లెక్కలో మరో ప్రయోజనం ఉంది. తమ పళ్లెంలోకి రావాల్సింది ఎంతో విద్యార్థులకే తెలుస్తుంది. లెక్క నేర్చుకోవడం వల్ల ఏమొస్తుందన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు ఉండదు.

దశాంశాన్ని దశాంశంతో గుణించడానికి పది అడ్డం, పది నిలువు గళ్ల చదరం గీయించాలి. మొత్తం చదరం ఒకటి. మూడు నిలువు వరుసలు 0.3. రెండు అడ్డ వరుసలు 0.2. రెండూ కలిసే చోట ఆరు గళ్లు. నూటిలో ఆరు, అంటే 0.06. ‘0.6 ఎందుకు కాదు?’ అన్న ప్రశ్నకు చదరమే బదులిస్తుంది.

దినపత్రికా పాఠమే

పత్రికలో జిల్లా పేజీ దశాంశాల గని. వానాకాలంలో మండలాలవారీ వర్షపాతం మిల్లీమీటర్లలో, జలాశయాల నీటిమట్టం అడుగుల్లో, నిల్వ టీఎంసీల్లో అచ్చవుతాయి. శ్రీశైలం జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. ఒక రోజు శ్రీశైలంలో 882.4 అడుగులు ఉందనుకుంటే నిండడానికి ఇంకా ఎన్ని అడుగులు కావాలి? 885.0లో 882.4 తీసివేస్తే 2.6 అడుగులు. మరునాడు 882.35 అని వస్తే నీరు పెరిగిందా, తగ్గిందా? 35 చూసి పెరిగిందని చెప్పే విద్యార్థులు ఉంటారు. 882.40 అని రాసి పోల్చితే తగ్గిందని తేలుతుంది.

వారం రోజుల వర్షపాతం అంకెలను కత్తిరించి అట్టపై అతికించి, మొత్తం, సగటు కట్టించడం మరో కృత్యం. ఏడుతో భాగిస్తే శేషం వస్తే ఎక్కడ ఆపాలి? పత్రిక ఒక దశాంశ స్థానం వరకే ఎందుకు ఇస్తోంది? సవరించి రాయడం అన్న పాఠం ఇలా సహజంగా మొదలవుతుంది. పాడి ఉన్న ఇళ్ల పిల్లలు పాల కేంద్రం చీటీ తేవచ్చు. అందులో లీటర్లు, వెన్న శాతం, సొమ్ము అన్నీ దశాంశాల్లోనే ఉంటాయి. ఇంట్లో చీటీని సరిచూడగల విద్యార్థికి తరగతిలో గౌరవం పెరుగుతుంది.

బిందువులన్నీ దశాంశాలు కావు

పాఠ్యపుస్తకాలు అంతగా పట్టించుకోని అంశం ఇది. మన చుట్టూ ఉన్న కొన్ని బిందువులు దశాంశ బిందువులు కావు. క్రికెట్‌లో 18.3 ఓవర్లంటే పద్దెనిమిది ఓవర్ల మూడు బంతులు. ఓవర్‌కు ఆరు బంతులు కాబట్టి అది పద్దెనిమిదిన్నర ఓవర్లు, అంటే 18.5. ఒక జట్టు 18.3 ఓవర్లలో 148 పరుగులు చేస్తే సగటు ఎంత? 148ని 18.5తో భాగిస్తే సరిగ్గా 8. 18.3తోనే భాగిస్తే 8.09 వస్తుంది. 18.6 ఓవర్లు అని స్కోరుబోర్డుపై ఎందుకు రాదో అడిగితే పిల్లలంతా ఒక్కసారిగా జవాబిస్తారు. ఆరు బంతులు పడితే 19 అయిపోతుంది మరి!

గడియారమూ అంతే. 2.30 గంటలు అని రాస్తే రెండున్నర గంటలు. దశాంశంలో 2.5. గంటకు అరవై నిమిషాలు కావడమే కారణం. గుంటల లెక్క ఇదే కోవలోనిది. ఎకరా పాతిక గుంటలంటే ఎకరాపైన నలభైలో పాతిక వంతులు. 25/40 = 0.625. అంటే దశాంశంలో 1.625 ఎకరాలు. అలాంటివి రెండు కలిస్తే 3.25 ఎకరాలు. గుంటల్లో మూడెకరాల పది గుంటలు. రెండు దారుల్లో లెక్కించినా నేల ఒకటే.

దీన్నే కృత్యంగా మలచవచ్చు. నల్లబల్లపై 3.20 అని రాసి, అది రూపాయలైతే, మీటర్లయితే, గంటలైతే, ఎకరాలు గుంటలైతే, ఎకరాలు సెంట్లయితే ఎంతో బృందాలవారీగా చెప్పించాలి. రూపాయలైతే మూడుపైన అయిదో వంతు. గంటలైతే మూడుపైన మూడో వంతు. గుంటలైతే మూడున్నర. అంకెలు అవే. విలువలు వేరు. కుడివైపున ఎన్ని చేరితే ఎడమవైపు ఒకటి పెరుగుతుంది? నూరా, అరవయ్యా, నలభయ్యా, ఆరా? ఈ ప్రశ్న అడగగలిగిన విద్యార్థికి స్థాన విలువ బోధపడినట్లే. గుంటకు 121 చదరపు గజాలు, సెంటుకు 48.4 చదరపు గజాలు. గుంటకు ఎన్ని సెంట్లో కనుక్కోమంటే 121ని 48.4తో భాగించి రెండున్నర అని తేలుస్తారు. దశాంశ భాగహారానికి ఇంతకు మించిన స్థానిక లెక్క అరుదు.

సూత్రం చివర్లో రావాలి

చేతలతో నేర్పడమంటే ఆటలతో కాలం గడపడం కాదు. కృత్యం ముగిశాక గణితం మిగలాలి. ఇందుకు నాలుగు మెట్లున్నాయి. ముందు చేతితో చేయాలి. చేసినదాన్ని మాటల్లో చెప్పాలి. తర్వాత బొమ్మ గీయాలి. చివర్లో గుర్తులతో రాయాలి. సూత్రం ఈ నాలుగో మెట్టు మీద పుట్టాలి. మొదటే సూత్రం చెప్పి, తర్వాత కాగితం మడిపిస్తే అది అలంకారం మాత్రమే.

ప్రతి లెక్కకూ ముందు అంచనా అడగాలి. 0.48ని 5.2తో గుణించమంటే ముందుగా సగం ఇంటూ అయిదు, రెండున్నర దగ్గర ఉంటుందని చెప్పగలగాలి. అప్పుడు సమాధానం 24.96 అని వచ్చినా, 0.2496 అని వచ్చినా అనుమానం కలుగుతుంది. 2.496 దగ్గర బిందువు సరిగ్గా నిలుస్తుంది.

అభ్యాసాన్ని పూర్తిగా వదిలేయడమూ తగదు. అర్థమైన విధానం చేతికి అలవడాలంటే లెక్కలు చేయాలి. అయితే ఇరవై ఒకే రకం లెక్కలకు బదులు ఎనిమిది వేర్వేరు లెక్కలిచ్చి, రెండింటికి కారణం రాయించడం మేలు. ఒకటి రెండు తప్పు సమాధానాలను తానే రాసి ‘ఇందులో పొరపాటు ఎక్కడ?’ అని వెతికించడమూ ఫలితమిస్తుంది.

బడిలో చదువు బయటి జీవితంతో ముడిపడాలని 2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రం చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానమూ చేస్తూ నేర్చుకోవడానికే పెద్దపీట వేసింది. 2021లో మొదలైన నిపుణ్‌ భారత్‌ మూడో తరగతి ముగిసేలోగా మౌలిక గణిత సామర్థ్యాలు రావాలంటోంది. ఆ వెంటనే ఎదురయ్యే పెద్ద మెట్టు భిన్నాలదే. సిలబస్‌ పూర్తి చేయాలన్న ఒత్తిడిలో కృత్యాలకు సమయం ఎక్కడిదని ఉపాధ్యాయులు అడగడం సహజం. పైన చెప్పినవాటిలో చాలా కృత్యాలు ఒక్కో పీరియడ్‌లో ముగుస్తాయి. ఆరో తరగతిలో చెప్పినదాన్నే ఏడు, ఎనిమిది తరగతుల్లో మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిన అవస్థతో పోలిస్తే ఆ సమయం ఎక్కువేమీ కాదు.

ఇంట్లోనూ పాఠమే

చదువురాని తల్లిదండ్రులు కూడా ఈ పాఠంలో గురువులే. పావుకిలో పప్పు రెండు పూటలకు వస్తే వారానికి ఎన్ని కిలోలు తేవాలి? అరలీటరు పాలలో పావు తోడుకు తీస్తే మిగిలిందెంత? ఎకరాకు ఇన్ని బస్తాల చొప్పున ముప్పావు ఎకరాకు ఎన్ని? ఈ లెక్కలు పెద్దలు కాగితం లేకుండా చేస్తారు. వారు ఎలా చేశారో అడిగి రాసుకుని రమ్మని విద్యార్థులకు ఇంటిపనిగా ఇవ్వవచ్చు. మరునాడు ఆ దారులను నల్లబల్లపై పుస్తకం దారి పక్కన రాస్తే, ఇంటి లెక్క, బడి లెక్క వేరు కాదని తెలుస్తుంది. ముప్పావు ఎకరా దిగుబడికి అమ్మ ‘సగం, సగంలో సగం’ అని కలిపి చెబితే అది 1/2 + 1/4 కాక మరేమిటి?

పిల్లలు ఇంటికి వచ్చాక మార్కులెన్ని అని అడిగే ముందు మరో ప్రశ్న వేసి చూడండి. పొలం పాసుపుస్తకమో, పాల చీటీయో, పత్రికలోని వర్షపాతం పట్టికో ముందుంచి, అందులోని ఒక బిందువు మీద వేలు పెట్టి, కుడివైపున్న అంకె దేనిలో ఎన్నో భాగమో చెప్పమనండి. జవాబు సరిగ్గా వస్తే ఆ పాఠం వారికి నిజంగా వచ్చినట్లే.